బ్యూనస్ ఐరిస్ నగరమున మూడు దినములు

ఆడుది యొంటరిగా దేశాంతరము పోవుట యేమని మా అత్తగారు మొదటినుండియు వారించుచునే యుండిరి. మేమును కోరి యొంటరిగా బయలుదేరినవారము కాము. కార్యార్థమై బ్రెజిలు దేశమునకు వెళ్లి, తిరుగు ప్రయాణమునకు మూడు దినములు వ్యవధి దొరకుటచే, అర్జెంటీనా రాజధానియగు బ్యూనస్ ఐరిస్‌ను చూచి రావలెనని బుద్ధి పుట్టినది.

ఆ పేరునకు “మంచి గాలులు” అని యర్థము. నగరము చెంత నున్న ప్లాతా నది ఆవలి యొడ్డు కంటి కానదు. నీరు మాత్రము మన వరద గోదావరివలె బురద రంగు. జూలై తొమ్మిది యను పేరుగల రాజవీథి వెడల్పు సుమారు 140 మీటర్లు. 1816లో స్వాతంత్ర్యము ప్రకటించిన దినమే దానికి పేరైనది. ఒక్క పరుగున దాటజాలక నడుమ రెండు మారులు నిలిచితిమి. 1919లో నాటకశాలగా వెలసిన యొక మేడ, 2000 సంవత్సరమునుండి పుస్తకముల యంగడిగా నున్నది. ప్రేక్షకులు కూర్చుండిన అంతస్తులనిండ గ్రంథములే. రంగస్థలముపై కాఫీ నిచ్చుచున్నారు. అచ్చట మాకు తెలియకయే రెండు గంటలు గడచిపోయెను.

శాకాహారులకు చిక్కే. గోమాంసము వారికి నిత్యభోజనము. రాత్రి తొమ్మిది దాటినగాని విస్తరి వేయరు. ఇటలీనుండి వచ్చి స్థిరపడినవారు తెచ్చిన “ఫైనా” యను శనగపిండి రొట్టె మమ్ము కాపాడినది. “మాతే” యను ఆకుకషాయమును ఒకే బుఱ్ఱలో పోసి, ఒకే గొట్టముతో అందఱును వరుసగా పీల్చుదురు. ఎంగిలి యని జంకితిమిగాని, స్నేహముతో చేతి కిచ్చిన దానిని త్రోసివేయుట యెట్లు? త్రాగితిమి. చేదు!

1924లో రవీంద్రనాథ ఠాకూరుగారు ఈ యూర జబ్బుపడగా, విక్టోరియా ఒకాంపో యను విదుషీమణి సమీపమున సాన్ ఇసిద్రోలో వసతి కల్పించి సేవచేసెను. ఆయన ఆమెను “విజయ” యని పిలిచి, “పూరబి” కావ్యమును ఆమెకే అంకితమిచ్చిరి.

మా మూడవ దినము గురువారము. మధ్యాహ్నము మూడున్నరకు మే చౌకమునకు వెళ్లితిమి. 1976 మొదలు 1983 వఱకు సైనికులు పాలించిన కాలమున వేలకొలది యువతీయువకులు ఇండ్లనుండియు వీథులనుండియు అపహరింపబడిరి. ఎచ్చట నున్నారో చెప్పువారు లేరు, శవమైనను దక్కలేదు. 1977 ఏప్రిల్ 30న పదునలుగురు తల్లులు, “మా బిడ్డ లేరీ?” యని యడుగుటకై రాజభవనమునకెదుట నున్న యీ చౌకమున కూడిరి. గుంపుగా నిలువరాదు, నడువుడని పోలీసు లాజ్ఞాపించిరి. సరే యని యిద్దఱిద్దఱుగా చేతులు పట్టుకొని నడవసాగిరి. ఒకరి నొకరు గుర్తించుటకై, పసిపిల్లలకు కట్టు తెల్లగుడ్డను తలకు చుట్టుకొనిరి. వారిలో ముందు నిలిచిన అసుసేనా విజాఫ్లోర్ అను నామెను ఆ డిసెంబరులోనే సైనికులు ఎత్తుకొనిపోయిరి. ఆమె యస్థికలను గుర్తించినది 2005లో. చితాభస్మమును ఈ చౌకముననే, స్తంభము పాదమున ఉంచిరి.

చెఱలో ప్రసవించిన తల్లుల పసికందులను పరులకిచ్చి వేసిరి. అమ్మమ్మలును నాయనమ్మలును పట్టు విడువక, రక్తపరీక్షల సాయమున అట్టివారిని 130 మందికి పైగా కనుగొనిరి. నాటి పసికందులు నేడు నడివయస్కులు.

మేము చూచిన దినమున తల్లులు కొలదిమందియే. తొంబది యేండ్లు దాటినట్లున్న యొకామెను చక్రముల కుర్చీలో త్రోయుచుండిరి. కొంగుముడివలె గడ్డముక్రింద తెల్లగుడ్డ. ఱొమ్మున చిన్న ఛాయాపటము. అందలి పిల్లవాని కిరువదియేండ్లుండవచ్చును. ఆమె మా వంక చేయి చాచినది. భాష రాదు. ఆ చేయి పట్టుకొని మేమును స్తంభము చుట్టు నడచితిమి.

రాత్రి బసకు చేరి అత్తగారితో టెలిఫోనులో మాటలాడితిమి. “ఒంటరిగా తిరుగుచున్నావా?” యని యడిగిరి. ఈ దినము కాదంటిమి.