ట్రాలీ అడుగున ఒకసారి చూడండి



సిరుగుప్ప, సింధనూరు, గంగావతి ప్రాంతాల్లో వరికోతలు మొదలైతే ట్రాలీలకు తీరిక ఉండదు. ట్రాక్టరుకు వేళకు ఆయిలు మారుస్తాం, ఫిల్టరు మారుస్తాం. బరువంతా మోసే ట్రాలీకి మాత్రం టైర్లలో గాలి ఉంటే చాలనుకుంటాం. దాని అడుగున ఉండే బోల్టులు, బుష్షుల గురించి ఈ రోజు తెలుసుకుందాం.

కమాను కట్ట ఇరుసు మీద కూర్చుంటుంది. దాన్ని ఇరుసుకు బిగించి ఉంచేవి యూ బోల్టులు. పట్టీలన్నిటికీ నడుమ దూరి ఉండేది సెంటర్ బోల్టు. కట్ట కొసల్లో చుట్టిన కళ్లలో బుష్షులు, వాటిలో పిన్నులు ఉంటాయి. బరువు పడితే కట్ట చదునై కాస్త పొడవు సాగుతుంది. ఆ కదలికకు చోటిచ్చేది ఒక కొసన ఊగే షాకిలు.

ఇరుసును సెంటర్ బోల్టే పట్టి ఉంచుతుందని చాలామంది అనుకుంటారు. అది కాదు. పలకల దొంతరను రెండు చేతులతో అదిమి పట్టుకుంటే ఒక్క పలకా జారదు, పట్టు సడలితే అన్నీ జారతాయి. ఆ రెండు చేతులే యూ బోల్టులు. అవి వదులైతే భారమంతా సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది. ఇరుసు పక్కకు జరుగుతుంది, ట్రాలీ పీతలా వంకరగా నడుస్తుంది.

దీన్ని ముందే కనిపెట్టవచ్చు. బురద కడిగి చూడండి. నట్టు చుట్టూ ఎర్రని తుప్పు పొడి రాలుతున్నా, రంగు పోయి ఇనుము మెరుస్తున్నా అక్కడ కదలిక ఉన్నట్టే. తర్వాత ఒక తాడు తీసుకోండి. రెండు చక్రాల ట్రాలీ అయితే ట్రాక్టరుకు తగిలించే కొక్కెం నుంచి, నాలుగు చక్రాలదైతే ముందున్న టర్న్ టేబుల్ నడిమి పిన్ను నుంచి, వెనక ఇరుసు రెండు కొసలకూ కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉండాలి. తేడా ఉంటే మెకానిక్కు చూపించండి.

బుష్షులను చూడాలంటే ముందు ట్రాలీని ఖాళీ చేసి, చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టండి. ఛాసిస్‌ను జాకీతో ఎత్తి, కింద గట్టి దిమ్మలు పెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరకండి. కట్టమీద భారం తగ్గాక గడ్డపారతో పిన్ను దగ్గర మెల్లగా ఎత్తి చూడండి. టకటకలాడితే బుష్షు అరిగింది. ఊరుకుంటే పిన్ను, ఆపైన కన్ను కూడా అరుగుతాయి. బుష్షుతో పోయే ఖర్చు కట్ట మార్చేదాకా వస్తుంది.

ఇత్తడి, ఇనుప బుష్షులకు గ్రీజు పెట్టండి. పాత మురికి బయటికి వచ్చి, కొత్త గ్రీజు కనబడేదాకా కొట్టండి. నీళ్లలో, బురదలో నడిచాక మళ్లీ పెట్టండి. రబ్బరు బుష్షులకు మాత్రం గ్రీజుగానీ ఆయిలుగానీ తగలనీయకండి. రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

యూ బోల్టు నట్లను ఒకటే ఒకేసారి బిగించకుండా, ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. కొత్తవి వేశాక మొదటి ఒకటి రెండు లోడ్లు తోలి మళ్లీ బిగించాలి. కొత్తలో పట్టీలు సర్దుకుని నట్లు వదులవుతాయి. విప్పిన పాత యూ బోల్టులను తిరిగి వాడకండి. అవి ఒకసారి సాగినవి. తెగిన బోల్టు స్థానంలో మామూలు ఇనుప కడ్డీ వంచి వేయడం, పగిలిన పట్టీకి వెల్డింగు పెట్టించడం ప్రమాదం. వెల్డింగు వేడికి కమాను ఉక్కు పదును పోతుంది, అక్కడే మళ్లీ విరుగుతుంది.

ట్రాలీలో మనుషులను ఎక్కించడానికి చట్టం ఒప్పదు. అయినా నాట్లకు, కోతలకు వెళ్లే కూలీలు, వారి పిల్లలు బస్తాల మీద కూర్చుని పోవడం మనం చూస్తూనే ఉన్నాం. కాలువ గట్టు మీద ఇరుసు జరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. మనుషులను ఎక్కించకండి. ధాన్యం తోలేటప్పుడు కూడా, దారిన పోయేవారి కోసం, వారానికి ఒకసారి ఒక పాత గుడ్డ, ఒక స్పానరు, ఒక తాడు పట్టుకుని ట్రాలీ అడుగున చూడండి. అరగంట కంటే పట్టదు.