గాజుపై నీటిముత్యములు

తామరాకుమీది నీటిబొట్టు అను మాట మన భాషలో అంటీముట్టనితనమునకు దృష్టాంతముగా నిలిచిపోయినది. భగవద్గీత పంచమాధ్యాయమునందును ఈ యుపమానము కలదు. ఆ యాకుపై నీరు ముత్యమువలె దొర్లునే గాని తడి యంటదు. అదే నీటిని శుభ్రముగా కడిగిన గాజుపలకపై విడిచినచో పలుచని పొరయై పఱచుకొనిపోవును. నీరొక్కటే, ఫలితము మాత్రము వేఱు. ఈ భేదమునకు కారణమేమి, గాజుపైనను నీటిని ముత్యములుగా నిలుపు నుపాయమేమి, అట్లు నిలిపిన బిందువులను ఛాయాచిత్రమున పట్టుట యెట్లు అను మూడు విషయములను నేటి ప్రసంగమున మనవి చేసెదను.

ఇప్పుడు చేతిలోని టెలిఫోనునందే కెమేరా యున్నది. నీటిబిందువుల చిత్రములు తీయ నుత్సహించువారు పెక్కురు. వారిలో చాలమంది మొట్టమొదట చేయు పని గాజును తళతళలాడునట్లు తోముట. పిదప దానిపై నీరు చల్లుదురు. నీరు గుండ్రముగా నిలువదు. అప్పుడు నీటిని నిందింతురు, కెమేరాను నిందింతురు, మరల గాజును తోముదురు. తోమినకొలదియు నీరు మఱింత పఱచుకొనును. ఇది వారి శ్రద్ధాలోపము కాదు, కారణము తెలియకపోవుట.

నీటి యణువులు ఒకదానినొకటి యాకర్షించుకొనుచుండును. లోపలి యణువునకు అన్నివైపులను తోటి యణువులు కలవు. పైతలమున నున్న యణువునకు వెలుపలి వైపున చుట్టములు లేరు, కావున అది లోపలికి లాగబడుచుండును. ఇందువలన నీటి పైతలము సాగదీసిన చర్మమువలె ఎల్లప్పుడును కుదించుకొన జూచును. దీనినే తలతన్యత యందురు. 25 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమియందు నీటి తలతన్యత మీటరునకు సుమారు 72 మిల్లీన్యూటనులు. మన యిండ్లలో వాడు ద్రవములలో పెక్కింటికి ఇంత బిగువు లేదు. ఒక కొలత గల నీటికి అతి తక్కువ పైతలము నిచ్చు ఆకృతి గోళము. కావున నీటిని దాని యిష్టమునకు విడిచినచో గుండ్రముగనే నిలుచును.

అయితే గాజు దానిని యిష్టమునకు విడువదు. శుభ్రమైన గాజు పైతలమునందు ఆమ్లజనియు ఉదజనియు కూడిన జంటలు దట్టముగా నుండును. అవి నీటి యణువులను గట్టిగా పట్టి తమవైపునకు లాగుకొనును. ఆ లాగుడు నీటి బిగువును మించినచో బొట్టు అణగి పఱచుకొనును. కొవ్వొత్తి మైనమునందు అట్టి జంటలు లేవు. కర్బనము, ఉదజని మాత్రమే కూడిన గొలుసులు కలవు. వానికి నీటిపై మక్కువ స్వల్పము. కావున మైనముపై నీరు తనలో తానే ముడుచుకొని నిలుచును.

ఈ పోరాటమును కొలుచుటకు ఒక కోణము కలదు. బొట్టు అంచు పలకను తాకుచోట, పలకకును నీటి పైతలమునకును నడుమ, నీటి లోపలివైపున నేర్పడు కోణమును స్పర్శకోణ మందురు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు థామస్ యంగ్ 1805వ సంవత్సరమున దీనిని వివరించెను. మిక్కిలి శుభ్రమైన గాజుపై ఈ కోణము సున్నకు చేరువ. కొవ్వొత్తి మైనముపై సుమారు 105 మొదలు 110 డిగ్రీలు, అనగా బొట్టు అర్ధగోళమును కొంచెము మించి నిలుచును. తామరాకుపై 150 డిగ్రీలను దాటును. ఆ యాకుపై మైనపు పూతయే గాక కంటికి కానరాని బొడిపెలును కలవు. వాని కొనలపై మాత్రమే నీరు నిలుచుటచే క్రింద గాలి మిగిలియుండును. జర్మను దేశమునందలి బార్ట్‌లాట్, నైన్‌హూయిస్ అను వృక్షశాస్త్రజ్ఞులు 1997వ సంవత్సరమున ఈ రహస్యమును విశదముగా ప్రకటించిరి.

ఇందుచే మనకు తేలిన దేమన, నీరు గుండ్రముగా నిలుచుట నీటి గుణమొక్కటియే కాదు, అడుగున నున్న తలము గుణము కూడ. అందును పైపొర గుణమే ముఖ్యము. అమెరికాలో ఇర్వింగ్ లాంగ్మ్యూర్, కేథరిన్ బ్లాడ్జెట్ అను నిరువురు ఒక్క యణువు మందము గల క్రొవ్వుపదార్థపు పొరను గాజుపై నెక్కించి చూపిరి. లాంగ్మ్యూర్ 1932వ సంవత్సరమున నోబెలు బహుమాన మందినవాడు. అంత పలుచని పొరయే తలము గుణమును మార్చివేయగలదు. కావున మనము గాజుపై దళసరిగా మైనము మెత్తనక్కఱలేదు. కంటికి కనబడని పూత చాలును.

ఇక పద్ధతి. పాత పటమునకు కట్టిన గాజుపలక నొకదానిని తీసికొనుడు. సబ్బుతో కడిగి, సబ్బు ఏమాత్రమును మిగులకుండ మంచినీటితో పలుమాఱు తొలచి, ఆఱనిండు. శుభ్రము చేయుట ఇచ్చట తుదిపని కాదు, తొలిపని. పిమ్మట మోటారుబండ్లకు మెఱుగు పెట్టు మైనమును శనగగింజంత తీసికొని మెత్తని నూలుగుడ్డతో పలక యంతటను సమముగా రుద్దుడు. పది పదునైదు నిమిషములు ఆఱిన పిదప వేఱొక పొడిగుడ్డతో, మసక యంతయు పోవువఱకు తుడువుడు. మైనము పోయినదని తోచును గాని పోదు. మైనమునకు బదులు మోటారు అద్దములపై వాననీరు నిలువకుండ పూయు సిలికోను ద్రవమైనను పనికివచ్చును. అట్టి ద్రవములలో తఱచుగా సారాయి కలిసియుండును, కావున పొయ్యికి దూరముగా, గాలి యాడుచోట వాడుడు.

పూత యంతటను ఒకే తీరుగా నుండవలెను. వ్రేలిముద్ర పడినచోట ఒక గుణము, పడనిచోట మఱియొక గుణము ఏర్పడి, బొట్టు అంచు వంకరటింకరగా చిక్కుకొనును. అట్లే నీటిలో సబ్బు తగిలినచో తలతన్యత సగమునకంటె తగ్గును. ఎంత మంచి పూతపైనను ఆ నీరు గుండ్రముగా నిలువదు. జర్మను మహిళ ఆగ్నెస్ పాకెల్స్ తన వంటింటి పాత్రలోనే, నీటిపై జిడ్డు చేరినపుడు తలతన్యత యెట్లు మాఱునో కొలిచెను. రేలీ ప్రభువు ఆమె లేఖను 1891వ సంవత్సరమున నేచర్ పత్రికకు పంపి ప్రకటింపజేసెను. కావున గాజునే కాదు, నీటిని, గిన్నెను, చేతివ్రేళ్లను కూడ గమనింపవలెను. బట్టీ పట్టిన నీరు వాడినచో ఆఱిన పిదప తెల్లని మచ్చలు మిగులవు.

బొట్టు పరిమాణమును ముఖ్యమే. మందులు కొలుచు చుక్కలగొట్టమునుండి జాఱు బొట్లు సుమారు ఇరువది చేరినచో ఒక మిల్లీలీటరగును. అట్టి బొట్టు మైనపు గాజుపై సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పున నిలుచును. అంతకు పెద్దదైనచో భూమ్యాకర్షణచే నెత్తి చదునగును. చక్కని గోపురము కావలెనన్నచో సన్నని సూది గల సిరంజితో చిన్నబొట్లు పెట్టుడు. పలుపరిమాణములవి కలసి కావలెనన్నచో పిచికారితో చల్లుడు.

అట్టి బొట్టు చిన్న భూతద్దము వంటిది. గాజుపలకను రెండు చెక్కదిమ్మెలపై సమతలముగా నిలిపి, 25 సెంటిమీటర్ల క్రింద రంగుపువ్వు బొమ్మ నుంచి, కెమేరాను పైనుండి నిట్టనిలువుగా చూపుడు. ఒక్కొక్క బొట్టులో ఒక్కొక్క పువ్వు తలక్రిందులుగా కనబడును, కావున క్రింది బొమ్మను ముందే త్రిప్పి పెట్టుకొనుడు. పైన చెప్పిన 6 మిల్లీమీటర్ల బొట్టులో 10 సెంటిమీటర్ల పువ్వు దాదాపు మూడున్నర మిల్లీమీటర్ల బొమ్మయగును. అయితే ఆ ప్రతిబింబము బొట్టు లోపల ఉండదు. బొట్టునకు పైన, కెమేరా వైపున, సుమారు 9 మిల్లీమీటర్ల యెత్తున ఏర్పడును. బొట్టు అంచుపై స్ఫుటత నిలిపినవారికి పువ్వు మసకగును, పువ్వుపై నిలిపినవారికి అంచు మసకగును. ఇందుకే కెమేరా రంధ్రమును ఎఫ్ 11 లేక ఎఫ్ 16 వఱకు తగ్గించి, రెంటికిని నడుమ స్ఫుటత నిలుపవలెను. బొట్టు చదునైనకొలది ప్రతిబింబము మఱింత దూరమునకు పోవును. నీరు గుండ్రముగా నిలుపుటకై పడిన శ్రమ అందము కొఱకు మాత్రమే కాదని దీనిచే తెలియును.

వెలుతురు ఎదుటినుండి పడినచో బొట్టుపై దీపపు తెల్లమచ్చ మిగులును. క్రిందినున్న బొమ్మపై ప్రక్కనుండి వెలుతురు ప్రసరింపజేయుట మేలు. దీపపు వేడికి బొట్టు త్వరగా ఇగిరిపోవును. నీటికి సమానముగా గ్లిసరిను కలిపినచో చాలసేపు నిలుచును. కాని గ్లిసరిను బొట్టును పువ్వుపై నుంచి చిత్రము తీసి, తెల్లవాఱుజాము మంచుబిందువని పేరు పెట్టుట తగదు. చేసిన పనిని చేసినట్లు చెప్పినచో చిత్రము విలువ తగ్గదు, చూచువారికి విద్యయు లభించును.

మఱియొక హెచ్చరిక. ఈ మైనమును కెమేరా కటకముపై గాని కంటియద్దములపై గాని రుద్దకుడు. వానిపై వేఱు ప్రయోజనమునకై వేసిన పలుచని పూతలుండును, అవి చెడును.

తుదకు పిల్లలతో చేయదగిన యొక చిన్న పరీక్ష. ఒకే గాజుపలకను బాగుగా కడిగి, సగమునకు మైనము పూసి, సగము విడిచిపెట్టుడు. రెండు సగములపైనను ఒకే గొట్టముతో ఒక్కొక్క బొట్టు వేసి, కన్నును పలక మట్టమునకు దించి ప్రక్కనుండి చూడుడు. ఒకవైపున ముత్యము, మఱియొకవైపున పొర. పైన చెప్పిన స్పర్శకోణమనగా నేమో ఆ రెంటిని చూచిన బాలునకు వేఱుగా బోధింప నక్కఱలేదు. కెమేరా లేనివారును ఈ పరీక్షను ఈ దినముననే చేసికొనవచ్చును.