దైనిక పఠన పట్టికలు: వినిపించేవి, వినిపించనివి

క్రైస్తవ ఆరాధనలో ఏ రోజున బైబిలులోని ఏ భాగాన్ని చదవాలో ముందుగా నిర్ణయించేది పఠన పట్టిక. హైదరాబాదు పాతబస్తీలోని ధూల్‌పేట్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, గన్‌ఫౌండ్రీలో కతోలికుల సెయింట్ జోసఫ్ కథీడ్రల్, ఆబిడ్స్‌లో దక్షిణ ఇండియా సంఘానికి చెందిన సెయింట్ జార్జ్ చర్చి ఉన్నాయి. తెలుగు కతోలికుల ‘సువిశేషం’ ప్రొటెస్టంట్లకు ‘సువార్త’. ఈ సంప్రదాయాల మధ్య భేదం పదాలకే పరిమితం కాదు, పఠనభాగాల ఎంపికలోనూ ఉంది.

పట్టికల నిర్మాణంలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది వరుస పఠనం. 1549 నాటి ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథం కీర్తనలను నెలకొకసారి, పాత నిబంధనలో అధికభాగాన్ని ఏడాదికొకసారి, కొత్త నిబంధనను దాదాపుగా మూడుసార్లు చదివే ఏర్పాటు చేసింది. ఆ ఆంగ్లికన్ వారసత్వం 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలోనూ కలిసింది. రెండవది పండుగకో, అంశానికో తగిన భాగాలను ఏరి కూర్చడం. ఆచరణలో ఈ రెండూ కలిసే ఉంటాయి. గ్రీకు ఆర్థడాక్స్ సంప్రదాయం పునరుత్థాన పండుగనాడు యోహానుతో వరుస పఠనం ప్రారంభించినా, మహోపవాస కాలపు పనిదినాలకు ఆదికాండం, సామెతలు, యెషయా గ్రంథాలను ప్రత్యేకించింది.

రెండవ వాటికన్ మహాసభ అనంతరం 1969లో వెలువడిన కతోలిక పట్టికలో ఆదివారాలకు మూడేళ్ల చక్రం ఉంది. పనిదినాల మొదటి పఠనానికి రెండేళ్ల చక్రం, సువిశేషానికి ఏడాది చక్రం ఉన్నాయి. గ్రంథాన్ని విశ్వాసులకు మరింత విస్తారంగా అందించాలన్నదే దీని ఆశయం. అయినా ఎంపిక ఉన్నచోట విడుపు తప్పదు.

నిర్గమకాండం మొదటి అధ్యాయమే ఇందుకు నిదర్శనం. బేసి సంవత్సరాల్లో, సామాన్యకాలపు 15వ వారం సోమవారం నాడు కతోలికులు 8 నుండి 14 వరకు, ఆపై 22వ వచనం చదువుతారు. మధ్యలో విడిచిన ఏడు వచనాల్లోనే షిఫ్రా, పూయా అనే మంత్రసానులు ఫరో ఆజ్ఞను ధిక్కరించి మగశిశువులను బ్రతికించిన వృత్తాంతం ఉంది. కతోలికుల ఆదివార ప్రణాళికను ఆధారం చేసుకొని 1992లో రూపొందిన సవరించిన ఉమ్మడి పట్టిక మాత్రం మొదటి సంవత్సరపు ఒక ఆదివారానికి ఈ వృత్తాంతాన్ని చేర్చింది. మరునాటి మోషే జననకథకు సూటిగా చేరడానికే కతోలిక పట్టిక ఈ భాగాన్ని విడిచిందని ఊహించవచ్చు.

గ్రంథాన్ని స్వయంగా చదివేవారికి ఈ విడుపు పెద్ద లోటు కాకపోవచ్చు. చెవితోనే గ్రంథాన్ని ఎరిగిన శ్రోతకు మాత్రం పట్టికలో లేని భాగం గ్రంథంలోనూ లేనట్టే. ఆ శ్రోతల్లో మంత్రసానులూ ఉండవచ్చు. కనుక తెలుగు క్రైస్తవ సాహిత్యాన్ని పరిశీలించేవారు అనువాదాలతోపాటు, వాటిలో ఏ భాగం జనం చెవిన పడుతున్నదో నిర్ణయించే పట్టికలను కూడా అధ్యయన సామగ్రిగా స్వీకరించాలి.