ఎక్స్‌టెంట్ అను మాట

ఆంగ్లమున వ్రాసిన భూమి దస్తావేజులందు సర్వే నంబరునకు ప్రక్కనే ఎక్స్‌టెంట్ అను పదము కానవచ్చును. మన తెలుగు కాగితములలో దానినే విస్తీర్ణము అందురు. నలుబది గుంటల లెక్క తెలిసిన రైతుబిడ్డలకు ఈ పదము క్రొత్తది కాదు. అయినను వాక్యమున ప్రయోగింపవలసి వచ్చినప్పుడు తడబడుచుందురు.

కొన్నియేండ్ల క్రిందట మా విద్యార్థి యొకడు తండ్రి పక్షమున నష్టపరిహారమునకై ఆంగ్లమున అర్జీ వ్రాసి మాకు చూపెను. వారి నాలుగెకరముల వరిలో మూడెకరములు వడగండ్లపాలయ్యెను. బాలుడు "అవర్ క్రాప్ వాజ్ డామేజ్డ్ అప్‌టు సమ్ ఎక్స్‌టెంట్" అని వ్రాసియుండెను. ఇందు "అప్‌టు" అనునది మన "కొంతవరకు" లోని "వరకు" నుండి దిగినది. ఆంగ్లమున "టు" అన్న చాలును. "ఇన్" అనుటయు తప్పే. ఇది చిన్న దోషము, చదువువారు సరిపెట్టుకొందురు. సరిపెట్టుకొనజాలనిది "సమ్" అను మాట. ముప్పాతిక పంట పోగా కొంత పోయినదని వ్రాసినచో, అధికారి కొంతయే పోయినదని తలంచును. అచట "టు ఎ గ్రేట్ ఎక్స్‌టెంట్" అనవలెను. "టు ది ఎక్స్‌టెంట్ ఆఫ్ త్రీ ఏకర్స్" అనుట అంతకంటె మేలు. అంకె యున్నచోట సందేహమునకు తావుండదు.

1951 ఏప్రిల్ 18వ తేదీన, అప్పటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లియందు, వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబా భావేగారికి భూమి నిచ్చిన సంగతి మన బాలురెరుగుదురు. దానిని "ల్యాండ్ టు ది ఎక్స్‌టెంట్ ఆఫ్ వన్ హండ్రెడ్ ఏకర్స్" అని చెప్పవచ్చును. మహబూబ్‌నగరు పిల్లలమఱ్ఱి సుమారు 3 ఎకరముల ఎక్స్‌టెంట్‌న వ్యాపించియున్నది.

కొలతకు లొంగని తీవ్రతకును ఈ పదమే వచ్చును. నల్లగొండ పల్లెలలో ఫ్లోరైడు నీటివలన నడుములు వంగిపోయినవారిని చూచినవారికి "టు సచ్ యాన్ ఎక్స్‌టెంట్ దట్ హి కుడ్ నాట్ స్టాండ్" అను వాక్యమును విడమరచి చెప్పనక్కరలేదు. నిలువజాలనంతగా అని దాని భావము. "టు వాట్ ఎక్స్‌టెంట్" అనగా ఎంతమట్టుకు అని ప్రశ్న. ఈ నీరు ఎంతమట్టుకు త్రాగదగినదని అడిగినచో, లీటరునకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దును చూపవచ్చును.

ఆ బాలుడు మరునాడు అర్జీని తిరుగ వ్రాసి తెచ్చెను. మూడెకరములును సరిగా నుండెను. కాని పదము చివర "ట"కు బదులు "డ" పడెను. ఎక్స్‌టెండ్ అనునది క్రియ, చాచుట లేక పొడిగించుట అని యర్థము. ఆ యొక్క యక్షరమును మేమే దిద్ది, కాగితమును వానిచేతి కిచ్చి పంపితిమి.