గండికోట నీళ్లలో ఆగిన మోటారు: కూలి జనం ప్రాణాలకు పూచీ ఎవరు?

గండికోట రిజర్వాయరు నిండితే 26.85 టి.ఎం.సి.ల నీళ్లు. శ్రీశైలం నుండి పోతిరెడ్డిపాడు, అవుకు మీదుగా గాలేరు-నగరి కాలువలో వచ్చే కృష్ణ నీళ్లు ఎర్రమల కొండల నడుమ పెన్న గండి కాడ నిలుస్తాయి. కరువు సీమకు నీళ్లు కావాలని కొట్లాడిన వాళ్లలో మనమూ ఉన్నాం. నీళ్లను కాదనడం లేదు. కాని ఆ నీళ్ల కింద ఊళ్లు పోయాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు జనం పరిహారం పూర్తిగా ఇమ్మని, ఇల్లు కట్టుకునేదానికి గడువు ఇమ్మని ధర్నా చేస్తుండగానే నీళ్లు గడపల్లోకి వచ్చాయి. ఊళ్లతో బాటు దారులూ మునిగినాయి. నడిచిపోయే చేనికి ఇప్పుడు ఆటోలో చుట్టు తిరిగి పోవాలి. ఆ బాడుగ కూలిలోనే పోతుంది. లేదంటే పడవ ఎక్కాలి.

నీళ్ల నడుమ మూడు గంటలు

సెనగ కోతల కాలంలో పదకొండు మంది ఆడకూలీలతో మేమూ అట్లాంటి పడవే ఎక్కినాం. తెల్లవారుజామున, మంచు పదునుండగానే సెనగ కోయాలి. ఎండెక్కితే కాయ రాలిపోతుంది. అందుకే తొందర. సగం దూరం పోయినాక కింద ఏదో తగిలి పడవ అదిరింది. ఇంజను మోగుతూనే ఉంది, పడవ మాత్రం కదలదు.

మునిగిన తుమ్మచెట్టు మోడుకు రెక్క తగిలి, దాన్ని పట్టి ఉంచే చిన్న పిన్ను విరిగింది. రెక్కకు పాతవల దారం గూడా చుట్టుకుంది. దారాన్ని కొడవలితో కోసినారు. కాని మారు పిన్ను లేదు. తెడ్లు లేవు. లంగరు లేదు. గాలి పడవను లోతుకు నెట్టుతోంది. భయంతో ఇద్దరు లేచి నిలబడితే పడవ ఒరిగింది.

“అక్కా, లేయొద్దండి! ఎక్కడివాళ్లు అక్కడే కూచోండి” అని పడవతను అరిచినాడు.

“మాకు ఈత రాదబ్బయ్యా” అంది ఒక ముసలామె. పడవలో గాలిచొక్కా ఒక్కటీ లేదు.

మూడు గంటలకు చేపలు పట్టే ఇద్దరు పుట్టిలో వచ్చి తాడు కట్టి గట్టుకు లాగినారు. చేని ఆసామి మాత్రం “ఎండెక్కినాక వచ్చినారు, సగం కూలే” అన్నాడు. పదకొండు మందీ ఒక్కమాట మీద నిలబడితే ముప్పాతిక ఇచ్చినాడు.

ఎవరి పడవకు నిఘా?

ఇది చిన్న సంగతి కాదు. 2007 జనవరిలో నెహ్రూనగర్, మంచాలకట్ట నడుమ కృష్ణలో పడవ మునిగి జాతరకు పోయే జనం దాదాపు అరవై మంది చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు కాడ పర్యాటక బోటు మునిగి నలభై మందికి పైగా పోయారు. ఆ తర్వాత 2020లో ప్రభుత్వం బోట్ల నిఘాకు తొమ్మిది చోట్ల కంట్రోలు రూములు పెట్టింది. అవి పర్యాటకులు తిరిగే రేవులను చూసి పెట్టినవి. పర్యాటకుల ప్రాణం విలువైనదే. కొడవలి పట్టుకొని పడవెక్కే కూలిమనిషి ప్రాణం విలువ తక్కువా?

పడవతన్ని తిట్టి లాభం లేదు. అతనూ ముంపులో నేల పోగొట్టుకున్నవాడే. అప్పు చేసి మోటారు కొన్నాడు. తప్పు దారి ముంచి బదులు దారి చూపనివాళ్లది.

మనం అడగవలసినవి ఇవి: కూలీలు దాటే ప్రతి రేవు నుండి సర్కారు ఖర్చుతో పడవ నడపాలి. ఎక్కిన ప్రతి మనిషికీ గాలిచొక్కా ఉండాలి. తెడ్లు, లంగరు, మారు పిన్ను, తాడు లేని పడవ కదలరాదు. ఎంతమంది ఎక్కాలో పడవ మీద తెలుగులో రాయాలి. మునిగిన చెట్లు, కరెంటు స్తంభాలు ఉన్నచోట గుర్తులు పెట్టాలి. ప్రమాదం జరిగితే కబురందుకునే మనిషి, పడవ రేవులోనే ఉండాలి. దారిలో పోయిన పొద్దుకు కూలి కోయరాదు.

రేవు రేవునా కూలీలు, బెస్తవాళ్లు కలిసి కూచొని ఈ కోర్కెలు కాగితం మీద పెట్టండి. సంతకాలు, వేలిముద్రలు వేయించండి. అందరం కలిసి మండలాఫీసుకు పోదాం. ఇంకో పడవ మునిగేదాకా ఆగొద్దు.