దేశభక్తిలో మన వాటా

ఆగస్టు నెల వస్తే సింగపూరు తెలుగువారికి రెండు పండుగలు. 9వ తేదీన ఈ దేశానిది, 15న మన దేశానిది. "ఈ దేశం", "మన దేశం" అని పెద్దలం తేలికగా అనేస్తాం. ఇక్కడే పుట్టి పెరిగే పిల్లలకు ఏది "ఈ", ఏది "మన"? అందుచేత "దేశభక్తి" అనే మాటను ఈ నెల కాస్త విప్పి చూద్దామనుకున్నాం.

తెలుగువాడి నోట దేశమంటే రాజ్యమొక్కటే కాదు. దేశవాళీ వంకాయ మన నేలలో కాచేది. దేశదిమ్మరి ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు. మనం విమానమెక్కిననాడు "దేశంకాని దేశం" అని అమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. ఇక భక్తి సంస్కృతంలోని "భజ్" ధాతువునుంచి వచ్చింది. దానికి సేవించడమనే అర్థంతోపాటు పంచుకోవడమనే అర్థమూ వుంది. భాగం, విభజన ఆ ధాతువునుంచి వచ్చినవే. కాబట్టి భక్తుడంటే దండం పెట్టేవాడే కాదు, పాలు పంచుకునేవాడు కూడా.

గురజాడవారు 1910 ప్రాంతంలో రాసిన గేయానికి "దేశభక్తి" అని పేరు. లోపల ఆయన కోరినది ప్రేమ. "దేశాభిమానం" అనే మాట వచ్చేది గొప్పలు చెప్పుకోవద్దని హెచ్చరించేచోట! 1962లో విశాఖపట్నంలో పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు తెలుగులో రాసిన ప్రతిజ్ఞే తరువాత భారతదేశమంతటికీ ప్రతిజ్ఞ అయింది. అందులోనూ దేశంతోపాటు ప్రజలకూ సేవ చేస్తామనే మాట ఇస్తాం. మన పిల్లలు ఇక్కడి బడిలో చెప్పే 1966నాటి ప్రతిజ్ఞను రూపొందించిన రాజరత్నంగారు సింహళంలోని జాఫ్నాలో పుట్టినవారే.

పాలు పంచుకోవడమంటే ఏమిటో జురాంగ్ ఐలాండ్‌లో చూడవచ్చు. ఏడు చిన్న దీవుల నడుమ సముద్రాన్ని పూడ్చి చేసిన నేల అది. 2000 అక్టోబరు 14న ప్రారంభమై, 2009లో పూడిక పని ముగిసేసరికి సుమారు 3,000 హెక్టార్లయింది. రిఫైనరీలు, రసాయన కర్మాగారాలే తప్ప అక్కడ కాపురాలు లేవు. పాసు లేనిదే గేటు దాటనివ్వరు. అక్కడ మన ఇంజనీర్లున్నారు, మన వెల్డర్లూ ఉన్నారు. వైద్యపరీక్షకు వచ్చినప్పుడు ఏ ఊరని అడిగితే మండలంతోసహా చెబుతారు. చెమట ఇక్కడ పడుతుంది, జీతం అక్కడికి పోతుంది. వారి భక్తి ఏ దేశానికని నిలదీయడం న్యాయం కాదు. రెండుచోట్లా వారికి వాటా వుంది.

మనకు మాత్రం ఈ ప్రశ్న ఇంటి గడప దాకా వస్తుంది. తల్లిదండ్రులతోపాటు ఇక్కడ శాశ్వత నివాసం పొందిన మగపిల్లలు 18 ఏళ్ళు రాగానే రెండేళ్ళు నేషనల్ సర్వీసు చేయాలి. 1967నుంచీ వున్న పద్ధతి ఇది. భారతదేశంగాని, సింగపూరుగాని రెండు పౌరసత్వాలను ఒప్పుకోవు. పౌరసత్వం ఒక్కటే ఎంచుకోవాలి. ప్రేమకు ఆ నిబంధన లేదు. అయితే ఇక్కడి బడి, ఆసుపత్రి, భద్రత మనవై, బరువు మాత్రం పక్కింటివారిది కావాలంటే అది భక్తి అనిపించుకోదు.

ఏ నిర్ణయమైనా ఆయా కుటుంబాలదే. కాని పిలుపు కాగితం వచ్చినరోజున కంగారుపడేకంటె, అబ్బాయికి పదేళ్ళున్నప్పుడే అతన్ని కూర్చోబెట్టుకొని ఈ మాటకు అర్థం చెప్పడం మంచిది.