కార్డు మీద చాదర్ అమ్మితే చేతికి వచ్చేదెంత?

మన కొంతం చౌక్‌లో ఇప్పుడు చాయ్ బండి మీద కూడా క్యూఆర్ కోడ్ బొమ్మ ఉన్నది. మన పిల్లలు కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, సొంత వెబ్‌సైట్ పెట్టి చాదర్లు, టవల్లు అమ్ముతున్నరు. పుణెలోనో హైదరాబాద్‌లోనో ఉన్న మనిషి బొమ్మ చూసి, క్రెడిట్ కార్డు నంబర్ కొట్టి పైసలు కడతడు. సరుకు కొరియర్‌లో పోతది. ఇంట్ల పెద్దోళ్లకు ఒకటే అనుమానం. కనబడని మనిషి కట్టిన పైసలు మన చేతికి ఎట్ల వస్తయి? నేను కార్ఖానాలో చేసి రిటైరైనోన్ని, చదువు నాలుగో తరగతి. మా అన్న కొడుకు రెండు సాంచాల మీద టవల్లు నేసి ఇట్లనే అమ్ముతడు. వాని పక్కన కూచొని అడిగి తెలుసుకున్నది రాస్తున్న.

కార్డు పైసలు సీదా మన ఖాతాలకు రావు. నడుమ పేమెంట్ గేట్‌వే అని ఒక కంపెనీ ఉంటది. రేజర్‌పే, పేయూ, సీసీఅవెన్యూ అసొంటివి. మన దలాల్ లాంటిదే అనుకోండి, కానీ దీని కమీషన్ ముందుగాలనే రాసి ఉంటది. కొనేటోడు కార్డు నంబర్ ఆ కంపెనీ పేజీలో కొడతడు, వాని ఫోన్‌కు ఓటీపీ వస్తది, బ్యాంకు సరే అంటది. రెండు మూడు పనిదినాల్లో కమీషన్ కోసుకొని మిగిలింది మన ఖాతాలో వేస్తరు. దీనికి పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, చిరునామా కాగితాలు అడుగుతరు. సైట్ మీద ధర, ఫోన్ నంబర్, సరుకు వాపస్ తీసుకునే నియమం రాసి ఉన్నయా అని కూడా చూస్తరు.

ఇగ లెక్క. వెయ్యి రూపాయల సరుకు అమ్మినమనుకోండి. కమీషన్ నూటికి 2 రూపాయలైతే 20 పోతది. ఆ 20 మీద 18 శాతం జీఎస్టీ, అంటే 3 రూపాయల 60 పైసలు. మొత్తం 23.60 పోయి 976.40 చేతికి వస్తది. "గింతనా!" అన్న నేను. వాడు నవ్వి, "కాకా, సేఠ్ దగ్గర ఉధారీ మీద ఇచ్చిన మాల్ పైసలు ఎన్నడు వచ్చినయి చెప్పు" అన్నడు. నాకు జవాబు దొరకలే. రిజిస్టర్ అయిన చిన్న కార్ఖానాదారుకు 45 రోజుల లోపల పైసలు ఇయ్యాలని 2006 చట్టం చెప్తది. మన పేఠ్‌లో ఆ చట్టం పేరు ఎత్తితే రేపటి నుంచి ఆర్డర్ బంద్! అందుకే నా మాట ఏందంటే, కమీషన్ పోయినా మూడు రోజుల పైసలే మేలు. యూపీఐ మీద, రూపే డెబిట్ కార్డు మీద 2020 జనవరి నుంచి బ్యాంకు కమీషన్ లేదు. గేట్‌వే కంపెనీ తన సేవకు వేరుగా ఏమన్న తీసుకుంటదా అడిగి, సైట్‌లో యూపీఐని మొదలు పెట్టుకోవాలె.

అసలు చిక్కు చార్జ్‌బ్యాక్. కొన్నోడు "నాకు మాల్ రాలే" అని తన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే, ఆ పైసలు ఆపేస్తరు, లేకుంటే మన దగ్గర నుంచి వాపస్ గుంజుకుంటరు. మావానికి పన్నెండు చాదర్ల ఆర్డర్ మీద ఇట్లనే అయింది. ఇంట్ల నూలు పైసలు కట్టే వారమది, కోడలు నగ కుదువ పెట్టాల్సి వచ్చింది. కొరియర్ రసీదు, తీసుకున్నోని సంతకం, బిల్లు, ప్యాకింగ్ ఫోటో అన్నీ పంపితే కొన్ని వారాలకు పైసలు తిరిగి వచ్చినయి. జవాబు ఇచ్చేందుకు గడువు తక్కువ ఉంటది, అది దాటితే మాల్ పాయె, పైసలు పాయె. అప్పటి నుంచి కోడలే ప్రతి ప్యాకెట్ ఫోటో తీస్తది, తేదీ వారీగా రసీదులు పెడతది. ఫోటోలో రంగు ఎక్కువ మెరిపించొద్దు, ఇంట్ల చూసినప్పుడు తేడా కనబడితే కూడా లొల్లే. మన సోలాపూర్ చాదర్‌కు, టెర్రీ టవల్‌కు జీఐ గుర్తింపు ఉన్నది, దొంగ సరుకుకు కాదు.

కొందరు ఫోన్ చేసి "కార్డు నంబర్ రాసుకోండి" అంటరు. రాసుకోవద్దు. దుకాణందారు కార్డు నంబర్ దాచి పెట్టుకోవద్దని రిజర్వ్ బ్యాంకు నియమం, 2022 అక్టోబర్ నుంచి అమలులో ఉన్నది. ఇంకొకడు మిలిటరీ ఆఫీసరునని రెండు వందల టవల్లు అడుగుతడు, "ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టు, పైసలు వస్తయి" అంటడు. పైసలు వచ్చేందుకు పిన్ అక్కరలేదు. పిన్ కొడితే పోయేది మనవే.

నారళీ పున్నమకు మార్కండేయ రథం బయలుదేరే రోజు మన సాంచాలు బంద్ ఉంటయి. ఆర్డర్ పెట్టే బెంగళూరు మనిషికి ఆ సంగతి ఎరుక ఉండదు. సరుకు రెండు రోజులు ఆలస్యం అని సైట్‌లో వారం ముందుగాలనే రాసి పెట్టమన్న మావానికి.